బస్సు మెట్టు నుంచి జెనీవా దాకా



ఇవాళ డిసెంబర్ 3. ఐక్యరాజ్యసమితి పిలుపు మీద 1992 నుంచి ప్రపంచమంతా ఈ రోజును వికలాంగుల దినంగా జరుపుకుంటోంది. పొద్దున జిల్లా కేంద్రంలో సభ అయిపోయి ఉంటుంది. పిల్లలు చక్రాల కుర్చీల్లో పరుగు పందెం ఆడి ఉంటారు, బహుమతులు అందుకుని ఉంటారు. ఆ పిల్లలందరికీ నా ఆశీస్సులు. నేను మాట్లాడబోయేది మాత్రం సభ అయిపోయాక వాళ్ళు ఇంటికి పోవడానికి ఎక్కే బస్సు దగ్గర మొదలవుతుంది.

మాది నిజామాబాద్ జిల్లా బాల్కొండ. ఊహ తెలియని వయసులో పోలియో వచ్చి నా కుడికాలు సన్నబడిపోయింది. కాలికి కాలిపర్, చంకలో కర్ర. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేశాను. ఆ ముప్పై ఏళ్ళూ బస్సు మీదే తిరిగాను. మీరంతా చూసే ఉంటారు, బస్సులో ముందు సీటు పైన ‘వికలాంగులకు’ అని రంగుతో రాసి ఉంటుంది. ఆ సీట్లో నేను కూర్చోవాలంటే ముందు నేల మీంచి బస్సు మొదటి మెట్టు ఎక్కాలి. ఆ మెట్టు నాకు మోకాలి దాకా వస్తుంది. ఎట్లా ఎక్కుతానో చెప్తాను. ముందు కర్రను లోపలికి వేస్తాను. తలుపు పక్కనున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుంటాను. మంచికాలు మెట్టు మీద పెట్టి, ఒళ్ళంతా చేతుల బలంతో పైకి గుంజుకుంటాను. కాలిపర్ కాలు వెనకాల వేలాడుకుంటూ వస్తుంది. వానాకాలం కడ్డీ జారుతుంది. కాలిపర్ కాలు లోపలికి రాకముందే బస్సు కదులుతుందేమో అన్న భయంతో, ఎక్కడానికి ముందే ‘జర ఆపు బిడ్డా’ అని గట్టిగా కేకవేయడం అలవాటైంది. ఇప్పటికీ నా అరచేతులు పట్టుకుని చూసినవాళ్ళు ‘సారూ, మీరు ఎవుసం చేసిండ్రా’ అని అడుగుతారు.

సీటు మీద ఆ మాట రాయించిన వాళ్ళది మంచి మనసే. కానీ బస్సు తయారుచేసిన రోజు మాత్రం నేనెవరికీ గుర్తు రాలేదు. ఎక్కినవాడికి కూర్చోబెట్టి మర్యాద చేయాలనుకున్నారు. అసలు ఎక్కగలడా అని అడగలేదు. ఈ ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టిన ఒక కాయితం ఉంది. దాని గురించే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

దాని పేరు వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక. 2001లో మెక్సికో దేశం ఐక్యరాజ్యసమితిలో ఈ మాట ఎత్తింది. ఆడవాళ్ళ హక్కులకు ఒడంబడిక ఉంది, పిల్లల హక్కులకు ఉంది, మరి వికలాంగులకు ఎందుకు ఉండకూడదు అని. కమిటీ వేశారు. 2002 నుంచి 2006 దాకా ఎనిమిది సార్లు కూర్చున్నారు. అంతకుముందు ఇటువంటి కాయితాలు దౌత్యవేత్తలు రాసేవాళ్ళు. ఈసారి గదిలో చక్రాల కుర్చీల వాళ్ళు, కళ్ళు లేనివాళ్ళు, సైగలతో మాట్లాడేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ‘మా గురించి రాసేటప్పుడు మేము లేకుండా రాయొద్దు’ అన్నారు. హైదరాబాద్‌లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది కదా, అక్కడి ఆచార్యులు అమితా ధండా ఆ చర్చల్లో పాల్గొన్నారు. ఎంతటి వైకల్యమున్నా మనిషి తన నిర్ణయం తాను తీసుకునే హక్కును చట్టం గుర్తించాలని చెప్పే 12వ అధికరణం కోసం గట్టిగా నిలబడిన వాళ్ళలో ఆమె ఒకరు. 2006 డిసెంబర్ 13న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ ఒడంబడికను ఆమోదించింది. మొత్తం 50 అధికరణాలు.

మన దేశం 2007 మార్చి 30న, అంటే సంతకాలు మొదలైన మొదటి రోజే సంతకం చేసింది. అదే ఏడు అక్టోబర్ 1న ధ్రువీకరించింది. ఈ రెండు మాటలకూ తేడా ఏమిటని మా దగ్గర చాలామంది అడుగుతారు. మన లెక్కలో చెప్పాలంటే సంతకం వరపూజ వంటిది. పిల్ల నచ్చింది, మాట ఇచ్చాం అని నలుగురిలో చెప్పుకోవడం. ధ్రువీకరణ అంటే లగ్గం. ఆ తర్వాత బాధ్యత మొదలవుతుంది. ఆ ఒడంబడిక ప్రకారం చట్టాలు మార్చుకోవాలి, ఏమేం చేశామో కొన్నేళ్ళకోసారి జెనీవాలో ఉన్న కమిటీకి లెక్క చెప్పాలి.

మన దగ్గర ఈ లగ్గం ఆరు నెలల్లో అయిపోయింది. అమెరికాలో ఇప్పటికీ కాలేదు. ఆ కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది. వికలాంగుల కోసం 1990లోనే గొప్ప చట్టం చేసుకున్న దేశం అది. 2009లో ఈ ఒడంబడికపై సంతకం చేసింది. ధ్రువీకరించాలంటే అక్కడ సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఊరూరా వికలాంగుల సంఘాలు, యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న మాజీ సైనికులు ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, సెనేటర్ల గడప తొక్కారు. 2012 డిసెంబర్ 4న ఓటింగ్. రెండో ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పనికిరాకుండా పోయిన బాబ్ డోల్, ఒకప్పటి సెనేట్ నాయకుడు, 89 ఏళ్ళ మనిషి, చక్రాల కుర్చీలో సభలోకి వచ్చి కూర్చున్నారు. అనుకూలంగా 61, వ్యతిరేకంగా 38. ఐదు ఓట్లు తక్కువై ఓడిపోయింది. పరాయి సంస్థ వచ్చి మా ఇంటి పిల్లల చదువుల్లో వేలు పెడుతుందన్న భయాన్ని జనంలో పుట్టించారు. అక్కడ కింది నుంచి జనం అడిగారు, పైనున్నవాళ్ళు ఇవ్వలేదు.

మన దగ్గర వేరే తీరు. మన రాజ్యాంగం ప్రకారం ఒప్పందాలు ధ్రువీకరించడం కేంద్ర ప్రభుత్వం పని, పార్లమెంటులో ఓటింగ్ అక్కర్లేదు. అప్పటి కేంద్ర మంత్రివర్గంలో మన తెలంగాణ బిడ్డ సూదిని జైపాల్ రెడ్డి గారున్నారు. చిన్ననాడే పోలియో సోకి చంకకర్రల మీద నడిచిన మనిషి. ఆయన పార్లమెంటు మెట్లు ఎక్కుతున్న ఫొటో పేపర్లో చూసినప్పుడల్లా నా చేతులకు ఆ బరువు తెలిసేది. ధ్రువీకరణ అంత తొందరగా జరగడం మంచిదే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఎవరికీ తెలియకుండా జరిగిపోయింది. పత్రికల్లో లోపలి పేజీల్లో వచ్చిపోయింది. బాల్కొండలో, మెండోరాలో, ముప్కాల్‌లో ఎవరికి తెలుసు? ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు?

నాకు తెలిసింది కూడా ఏడాది దాటాకే. ఆ రోజుల్లో వెలుగు పథకం కింద, తర్వాత ఇందిర క్రాంతి పథం కింద, మహిళా సంఘాల మాదిరిగానే వికలాంగులకు విడిగా పొదుపు సంఘాలు పెట్టించారు. మా సంఘం వేపచెట్టు కింద కూర్చునేది. నెలకు ముప్పై రూపాయలు పొదుపు. డబ్బు లెక్కపెట్టేది కళ్ళు లేని మా మిత్రుడు. ఐదు రూపాయల బిళ్ళ మందం, రూపాయి బిళ్ళ పలచన, ఆయన బొటనవేలితో అంచు తడిమి చెప్పేవాడు. ఒక్కనాడూ లెక్క తప్పింది లేదు. నేను పుస్తకం రాసేవాణ్ణి. రెండు కాళ్ళూ చచ్చుబడ్డ ఒక చెల్లె ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టుకుంటూనే మీటింగు వినేది. రేకు పెట్టి తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. మాట్లాడుతున్నా ఆ వేళ్ళు ఆగేవి కావు. మా వైపు ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళ చేతులు ఇట్లాగే ఆడుతుంటాయి, వినే మీకు కొత్త కాదు.

ఒకరోజు నేను ఆ ఒడంబడిక గురించి దొరికిన తెలుగు కరపత్రం తెచ్చి చదివి వినిపించాను. ఇంట్లో, ఊళ్ళో, బడిలో, బస్సులో, ఆఫీసులో అందరితో సమానంగా బతికే హక్కు అని రాసి ఉంది. ఆ చెల్లె చాటలోంచి తల ఎత్తింది.

‘అన్నా, గా కాయితం మనోళ్ళు ఒప్పుకున్నరా?’ అని అడిగింది.

‘ఒప్పుకున్నరు చెల్లె, పోయినేడే.’

‘మరి ఒప్పుకునేటప్పుడు మనల ఎవ్వలన్న అడిగిండ్రా?’

లేదన్నాను. ఆమె మళ్ళీ బీడీల్లోకి తల వంచింది. ‘అడిగితె ఇంకోటి గుడ రాయిపిస్తుంటి’ అంది. ఏమిటని అడిగాను. ‘నా పేరు మీద రాయిపిస్తుంటి. ఊర్ల నన్ను పేరుతోటి పిలువుమని’ అంది.

శ్రోతలారా, మీ ఊరు గుర్తు చేసుకోండి. కుంటి అని, గుడ్డి అని, మూగ అని ముందు పెట్టి ఎంతమందిని పిలుస్తున్నాం? తల్లిదండ్రులు పెట్టిన పేరు రేషన్ కార్డులో ఉంటుంది, నోట్లో ఉండదు. ఆ చెల్లె చదువుకోలేదు గానీ, ఆమె అడిగింది ఒడంబడికలో ఉంది. 8వ అధికరణం సరిగ్గా ఇదే చెబుతుంది. వికలాంగుల మీద సమాజంలో ఉన్న చిన్నచూపును పోగొట్టే పని ప్రభుత్వం నెత్తిన వేసుకోవాలని. ఇక మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, పదిమందిలో వికలాంగులను కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. ఈ మధ్య దివ్యాంగులు అనే మాట వాడుకలోకి వచ్చింది. పిలిచేవాళ్ళ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. నాకైతే మా చెల్లె కోరిన పేరే ముద్దు.

ఇప్పుడు ఆ ఒడంబడిక ఏం చేసిందో చూద్దాం. అంతకుముందు మనకు చట్టం లేక కాదు. 1995లో ఒకటి వచ్చింది. దాని కోసం ఢిల్లీలో జావేద్ అబిదీ వంటివాళ్ళు చక్రాల కుర్చీల్లో రోడ్డెక్కి కొట్లాడారు. 2001 జనాభా లెక్కల్లో వికలాంగుల గురించి ప్రశ్న చేరిందంటే అదీ ఆ కొట్లాటల ఫలమే. ఆ చట్టంలో ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకున్నారు. రోడ్లూ భవనాలూ మా కోసం మార్చే విషయానికి వస్తే, ‘ఆర్థిక స్థోమత మేరకు’ అన్న మాట అందులో ఉంది. ఈ మూడు మాటలు మమ్మల్ని ఇరవై ఏళ్ళు ఏడిపించాయి. ఎక్కడికి పోయినా స్థోమత లేదనే జవాబు. మన రాజ్యాంగం రాష్ట్రాల జాబితా తీసి చూడండి. 9వ అంశంలో వికలాంగులకూ పని చేయలేనివారికీ ఉపశమనం అని ఉంది. వికలాంగుడు అన్నా పనికి చేతగానివాడు అన్నా ఒకే గాటన కట్టిన కాలం అది. ఉపశమనం అంటే అన్నం పెట్టడం, బట్ట ఇవ్వడం. హక్కు అన్న మాట ఇంకా దూరంగా ఉండింది.

ఒడంబడికను ధ్రువీకరించాక చట్టం మార్చక తప్పలేదు. 2010లో సుధా కౌల్ కమిటీ వేశారు, ముసాయిదా రాయడంలో నల్సార్ సాయపడింది. 2011లో ముసాయిదా ఇచ్చారు. 2014లో రాజ్యసభకు వచ్చిన బిల్లు ఆ ముసాయిదా కంటే చాలా పలచబడిపోయిందని సంఘాలు ఎదురు తిరిగాయి. ఆఖరికి 2016 డిసెంబర్ 14న రాజ్యసభ, 16న లోక్‌సభ ఆమోదించాయి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 7 వైకల్యాలు 21 అయ్యాయి. సికిల్ సెల్, తలసీమియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు, మరుగుజ్జులు, అందరూ లెక్కలోకి వచ్చారు. సర్కారు కొలువుల్లో 4 శాతం, పెద్ద చదువుల్లో 5 శాతం వాటా. ధ్రువీకరణ కాయితానికీ చట్టానికీ మధ్య తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ తొమ్మిదేళ్ళూ సంఘాలు నిద్రపోనివ్వలేదు.

మన దగ్గర ఈ పోరు పెన్షన్ రూపంలో సాగింది. మంద కృష్ణ మాదిగ గారి వికలాంగుల హక్కుల పోరాట సమితి కింద ఎంతమంది ట్రైసైకిళ్ళ మీద రోడ్డెక్కారో మీలో చూసినవాళ్ళున్నారు. 2014 నవంబర్‌లో ఆసరా పెన్షన్ మొదలైనప్పుడు నెలకు 1,500. 2019లో 3,016. 2023 జులై నుంచి 4,016. ఈ డబ్బు మందులకు, సరుకులకు ఎంత ఆధారమో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. కానీ పెన్షన్ ఒక్కటే అడుగుతున్నంత కాలం, 9వ అంశంలో ఉన్న ఆ ఉపశమనం దగ్గరే మనం ఆగిపోతాం.

ఉపశమనానికీ హక్కుకూ తేడా చూపే ఒక విషయం చెప్తాను. భూమి గురించి. మా వైపు పసుపు పండే ఎకరం ఎంత విలువో మీకు చెప్పనక్కర్లేదు. ఒక ఇంట్లో నలుగురు అన్నదమ్ములు. చిన్నవాడికి బుద్ధి కొంచెం నిదానం. పొలం పనులన్నీ చేస్తాడు, పసుపు కొమ్ములు ఉడకబెట్టే దగ్గర నుంచి ఆరబోసే దాకా ఆయన చెమటే. తండ్రి పోయాక పంపకాలు జరిగాయి. పట్టా పాసుబుక్కులు మూడే వచ్చాయి. ‘వానికి భూమెందుకు సారూ, మేము సాదుకుంటం గద’ అన్నాడు పెద్దవాడు. నిజంగానే సాదుకుంటున్నారు, అన్నం పెడతారు, బట్ట కొనిస్తారు. కానీ ఆ మనిషి తన పొలంలో కూలివాడైపోయాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే తన 28వ సెక్షన్లో, రోగం వల్ల గానీ వైకల్యం వల్ల గానీ ఎవరికీ వారసత్వం పోదని చెప్పింది. ఒడంబడిక 12వ అధికరణం, 2016 చట్టం 13వ సెక్షన్ ఇంకా విడమరిచి చెప్పాయి. ఆస్తి కలిగి ఉండడం, వారసత్వంగా పొందడం, డబ్బు లావాదేవీలు చూసుకోవడం అందరితో సమానంగా ఆయన హక్కు. నిర్ణయం తీసుకోవడానికి తోడు కావాలంటే తోడు ఇవ్వాలి. తోడు పేరుతో ఆయన బదులు నిర్ణయం లాక్కోకూడదు. ఈ మాట చెప్పినందుకు ఆ ఇంటివాళ్ళు ఏడాది నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నారు. పాసుబుక్కులు మాత్రం ఇంకా మూడే.

ఓటు సంగతి కూడా అట్లాగే. డబ్బు లెక్కపెట్టే మా మిత్రుడు ప్రతి ఎన్నికలోనూ ఓటేస్తాడు. యంత్రం మీద బ్రెయిలీ అంకెలుంటాయి, తడిమి నొక్కుతాడు. కావాలంటే తోడు తెచ్చుకోవడానికి కూడా నిబంధనల్లో వీలుంది. కానీ పక్కనున్న యంత్రంలో ఏడు సెకన్ల పాటు చీటీ కనబడుతుంది చూడండి, మన ఓటు మనం వేసిన గుర్తుకే పడిందని చూసుకోవడానికి. అది ఆయనకు కనబడదు. ‘నా ఓటు నేను అనుకున్నోనికే పడ్డదని నాకెట్ల ఎర్కైతది?’ అని అడుగుతాడు. ఇంతవరకు ఆయనకు నేను జవాబు చెప్పలేకపోయాను.

న్యాయస్థానాలు కొంత కదిలాయి. రాజీవ్ రాతూరీ అనే చూపు లేని పౌరుడు, భవనాలూ రోడ్లూ రవాణా అందరికీ అందుబాటులో ఉండాలని 2005లోనే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2024 నవంబర్ 8న వచ్చిన తీర్పులో, అందుబాటు ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సలహాలుగా ఉండరాదని, తప్పనిసరి నియమాలు చేయాలని కోర్టు చెప్పింది. ఆ కేసులో దేశంలో పరిస్థితి ఎట్లా ఉందో చూసి నివేదిక ఇచ్చింది మళ్ళీ మన హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రమే. వేసిన కేసు తెగడానికి పంతొమ్మిదేళ్ళు. ఇక అమలు సంగతి చూడండి. నేను పేరు చెప్పని ఒక ఊళ్ళో, ఒక ఆఫీసుకు ర్యాంపు కట్టారు. అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది లెక్క. అక్కడ నాలుగడుగులతో సరిపెట్టారు. చక్రాల కుర్చీ ఎక్కించాలంటే ఇద్దరు మగవాళ్ళు తోయాలి. ర్యాంపు కింద అడ్డంగా మోరీ. బిల్లు మాత్రం వచ్చేసి ఉంటుంది.

ఇటువంటప్పుడు ఎక్కడికి పోవాలి? ఇదే ఇవాళ నేను మీ ముందు పెట్టదలచుకున్న మాట.

ఆ ఒడంబడికతో పాటే ఇంకొక చిన్న కాయితం ఉంది. దాన్ని ఐచ్ఛిక ప్రోటోకాల్ అంటారు. 18 అధికరణాలే. అది చెప్పేది ఒకటే. ఒక దేశంలో వికలాంగుడికి అన్యాయం జరిగి, ఆ దేశంలోని కోర్టులన్నీ తిరిగినా న్యాయం దొరక్కపోతే, ఆ మనిషి జెనీవాలోని కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. 18 మంది నిపుణులు చూస్తారు. ప్రభుత్వం ఆరు నెలల్లో జవాబు చెప్పాలి. తప్పు జరిగిందనుకుంటే కమిటీ ఆ మాట ప్రపంచానికి చెప్పి, దిద్దుకొమ్మని అడుగుతుంది. పోలీసును పంపదు, జరిమానా వేయదు. చేసే పని అంతే. కానీ ఆ మాటకు బరువుంది.

హంగేరీలో ఏం జరిగిందో వినండి. అక్కడ చూపు లేని ఇద్దరు ఒక బ్యాంకులో ఖాతాలు తెరిచారు. ఏటీఎం కార్డుకు అందరితో సమానంగా రుసుము కట్టారు. ఏటీఎంలో బ్రెయిలీ లేదు, మాట వినిపించే ఏర్పాటు లేదు. అక్కడి కోర్టులు పైదాకా తిరిగారు, ఫలితం లేదు. జెనీవాకు ఫిర్యాదు చేశారు. 2013లో కమిటీ తేల్చింది, ప్రభుత్వం తన బాధ్యత నెరవేర్చలేదని, ప్రైవేటు బ్యాంకుల సేవలైనా అందరికీ అందుబాటులో ఉండేలా చూడాల్సింది ప్రభుత్వమేనని. ఈ కథ చెప్పినప్పుడు మా మిత్రుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. ఆయన కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. నెలనెలా డబ్బు పంపుతాడు. మా మిత్రుడు ఏటీఎం దగ్గరకు పోయి, అక్కడ ఎవరుంటే వాళ్ళ చేతికి కార్డు ఇచ్చి, రహస్య అంకెలు చెవిలో చెప్తాడు. బిళ్ళ అంచు తడిమి రూపాయి తప్పకుండా లెక్కపెట్టే మనిషి, తన కొడుకు ఎడారిలో చెమటోడ్చి పంపిన డబ్బు దగ్గర మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్ళ నిజాయితీ మీద ఆధారపడాలి.

ఈ ప్రోటోకాల్‌ను నేపాల్ ఒప్పుకుంది. బంగ్లాదేశ్ ఒప్పుకుంది. ప్రపంచంలో సగానికి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం ఇంతవరకు సంతకం కూడా చేయలేదు. మొదటి రోజే ఒడంబడికకు సంతకం పెట్టిన మనం, దాని తోడబుట్టిన కాయితం దగ్గర పద్దెనిమిదేళ్ళు దాటినా ఆగిపోయి ఉన్నాం.

కొందరు పెద్దమనుషులు అంటారు, మన ఇంటి గొడవ పరాయివాళ్ళ ముందు పెట్టుకోవడం పరువు తక్కువ అని. ఆ మాటను నేను తేలిగ్గా తీసేయను. పరువు గురించి ఆలోచించేవాళ్ళే ఇల్లు బాగుచేస్తారు. కానీ ముందు ఇంట్లో, అంటే మన కోర్టుల్లో, తేల్చుకున్న తర్వాతే బయటికి పోయే దారి అది. ఇంట్లో న్యాయం దొరికితే బయటికి ఎవరు పోతారు? దారి ఉందని తెలిస్తే ఇంట్లోవాళ్ళే తొందరగా తేలుస్తారు. మన ఊళ్ళలో కులపెద్దల దగ్గర తేలని తగువు మండలానికి పోతుందని తెలిస్తే పెద్దలు ఎట్లా కదులుతారో మీకు తెలియనిదా?

మరి బాల్కొండలో కూర్చుని ఇది అడిగితే ఢిల్లీకి వినబడుతుందా? ఈ ప్రశ్న ఇంకెక్కడైనా అడగండి, నిజామాబాద్ జిల్లాలో అడగొద్దు. 2019 లోక్‌సభ ఎన్నికలు మరిచిపోయారా? పసుపుకు బోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ ధర కావాలని మన రైతులు నామినేషన్లు వేశారు. 185 మంది బరిలో నిలిచారు, అందులో 170 మందికి పైగా రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. దేశమంతా తిరిగి చూసింది. వాళ్ళలో ఎవరూ గెలవలేదు. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాద్‌లో మొదలైంది. ఎవరి వల్ల వచ్చిందన్న వాదన రాజకీయాల వాళ్ళకు వదిలేద్దాం. అడిగింది మాత్రం రైతులు. పసుపు చేనులోంచి అడిగారు.

మేమూ తక్కువమందిమి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. తెలంగాణ జిల్లాల్లోనే పది లక్షల మందికి పైగా. మా పోలియో తరం ముసలిదైపోతోంది. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల కొత్తగా కేసు రాలేదు, నాకు అంతకు మించిన సంతోషం లేదు. కానీ నూర్పిడి యంత్రంలో చేయి పోయినవాళ్ళు, మోటారు దగ్గర షాకు తగిలినవాళ్ళు, జాతీయ రహదారి మీద కాలు విరిగినవాళ్ళు, దుబాయిలో కట్టడం మీంచి పడి నడుము పోగొట్టుకుని ఇల్లు చేరినవాళ్ళు, వీళ్ళంతా నిన్నటిదాకా బస్సు మెట్టు ఒక్క అంగలో ఎక్కినవాళ్ళే. ముసలితనం వస్తే మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్టు దగ్గర నిలబడేది మీరూ నేనూ ఒక్కటే.

అందుకని మా సంఘం ఒక పని మొదలుపెట్టింది. మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలు చూసుకోవాల్సిన 29 అంశాల్లో వికలాంగుల సంక్షేమం కూడా ఉంది. కాబట్టి గ్రామసభలో తీర్మానం పెట్టాలనుకున్నాం. రాసుకోవడానికి వేపచెట్టు కిందే కూర్చున్నాం. నేను కాయితం పట్టుకున్నాను. ఆ చెల్లె వచ్చింది, జుట్టు నెరిసింది, వేళ్ళు మాత్రం అప్పటిలాగే ఆడుతున్నాయి. మా మిత్రుడు ఒక్కో మాటా పైకి చదివించుకుని, ఇది తీసెయ్, ఇది ఉంచు అని చెప్పాడు. పెద్దపెద్ద మాటలన్నీ తీయించాడు. గంటసేపు కూర్చుంటే నాలుగు వాక్యాలు మిగిలాయి. మీ ఊళ్ళో కూడా పెట్టాలనుకుంటే రాసుకోండి, నెమ్మదిగా చదువుతాను.

‘మా ఊరి గ్రామసభ భారత ప్రభుత్వాన్ని కోరుతున్నది. వికలాంగుల హక్కుల ఒడంబడికకు తోడుగా ఉన్న ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను ధ్రువీకరించండి. అట్లాగే మా పంచాయతీ ఆఫీసుకు, బడికి, రేషన్ దుకాణానికి సరైన వాలుతో ర్యాంపులు ఈ ఏడాదిలోగా కడతామని మేము ఒప్పుకుంటున్నాం. ఇకనుంచి ఊరి రికార్డుల్లో, ఊరి పిలుపులో, ప్రతి మనిషినీ అమ్మానాన్న పెట్టిన పేరుతోనే పిలుస్తాం.’

చివరి వాక్యం ఎవరు రాయించారో మీకు తెలుసు. కింద మొదటి సంతకం ఆమెదే. వేలిముద్ర వేయమని స్టాంపు ప్యాడు ఇస్తే వద్దంది. కలం అడిగి, చాట పక్కన పెట్టి, తన పేరు మూడక్షరాలు రాసింది. సంఘంలో నేర్చుకున్న అక్షరాలు. రెండో అక్షరానికి కొమ్ము మరిచిపోయింది. మళ్ళీ చూసుకుని దిద్దుకుంది.